పుట్టిన తేదీకి కాగితం లేక ఆగుతున్న అమెరికా ప్రయాణం

నాంపల్లి కోర్టుల దగ్గర నోటరీల వద్ద, అబిడ్స్ టైపింగు, జిరాక్సు దుకాణాల వద్ద పల్లెల నుంచి వచ్చిన వృద్ధ దంపతులు చేతిసంచులతో పడిగాపులు కాస్తున్నారు. అమెరికాలో స్థిరపడిన కొడుకో కూతురో తమ దగ్గరే ఉంచుకుందామని వీసాకు దరఖాస్తు పెట్టారు. ఏళ్లు గడుస్తున్నా పిలుపు లేదు. పైరవీ చేస్తే త్వరగా అవుతుందన్న ఆశతో కొందరు దళారుల చుట్టూ కూడా తిరుగుతున్నారు. అసలు ఆలస్యం ఎక్కడ జరుగుతోందో తెలుసుకుంటే ఈ తిరుగుడు చాలావరకు తప్పుతుంది.

1965 నాటి అమెరికా చట్టం ప్రకారం ఆ దేశ పౌరుల తల్లిదండ్రులకు ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి లేదు. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఆ పరిమితి ఉంది కనుకనే మన దేశం వారు పదిహేనేళ్లకు పైగా వేచి ఉండవలసి వస్తోంది. తల్లిదండ్రుల కోసం దరఖాస్తు పెట్టే బిడ్డకు మాత్రం 21 ఏళ్లు నిండి, పౌరసత్వం ఉండాలి. గ్రీన్‌కార్డు ఒక్కటే చాలదు. అది వచ్చాక కూడా పౌరసత్వానికి సాధారణంగా ఐదేళ్లు ఆగాలి. మొదటి ఆలస్యం ఇదే.

బిడ్డ పెట్టిన ఐ-130 దరఖాస్తును ముందు అమెరికా ఇమిగ్రేషన్ శాఖ పరిశీలిస్తుంది. ఆ దశను హైదరాబాదులో ఎవరూ తొందర పెట్టలేరు. తరువాత ఫైలు జాతీయ వీసా కేంద్రానికి వెళుతుంది. రుసుములు, కాగితాలు సరిపోతేనే ఇంటర్వ్యూ. అది కూడా ఎక్కువగా ముంబైలోనే. నానక్‌రామ్‌గూడ కాన్సులేటులో ఈ ఇంటర్వ్యూలు జరగవు.

మన చేతిలో ఉన్నది కాగితాల దశ. చిక్కు కూడా అక్కడే వస్తోంది. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. చాలా రాష్ట్రాల్లో 1970 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. నేడు అరవై దాటినవారంతా అంతకు ముందు పుట్టినవారే. ఆ రోజుల్లో తెలంగాణ పల్లెల్లో పుట్టుక పోలీసు పటేల్ రిజిస్టరుకు ఎక్కితే ఎక్కినట్టు, లేకుంటే లేదు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థే రద్దయింది.

జనన ధ్రువపత్రం లేనివారు రికార్డు లేదన్న పత్రాన్ని అధికారి నుంచి తీసుకోవాలి. దానికి బడి సర్టిఫికెట్టు, తమకంటే పెద్దవారైన దగ్గరి బంధువుల అఫిడవిట్లు జత చేయాలి. అసలు బాధ ఇదే. డెబ్బై ఏళ్ల తల్లి పుట్టుక చూసిన అక్క గానీ మేనమామ గానీ నేడు ఎనభై దాటి ఉంటారు. వారు కన్నుమూస్తే కళ్లారా చూసిన సాక్ష్యమూ వారితోనే పోతుంది.

పేర్ల తేడాలది మరో తంటా. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, కొడుకు పదో తరగతి సర్టిఫికెట్టులో పొడి అక్షరంగా ఉంటుంది. తండ్రి కోసం దరఖాస్తు పెడితే తల్లిదండ్రుల పెళ్లికి రుజువు కూడా అడుగుతారు. పందిట్లో జరిగి రిజిస్టరు కాని పెళ్లిళ్లకు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లక తప్పదు. కాగితం తక్కువైతే ముంబైలో 221(జి) చీటీ చేతికిస్తారు. ఏడాదిలోగా అడిగినవి ఇవ్వకుంటే దరఖాస్తు రద్దయ్యే ప్రమాదం ఉంది.

నోటరీ చేయగలిగింది సంతకాన్ని ధ్రువీకరించడం వరకే. ఊరి రికార్డులో లేనిదాన్ని ఆయన పుట్టించలేడు. రికార్డు లేదన్న పత్రానికి తొలి అడుగు గ్రామ పంచాయతీ కార్యాలయంలోనే పడాలి. అక్కడా, తహసీల్దారు కార్యాలయంలోనూ వృద్ధులను రేపు రా, మాపు రా అని తిప్పకుండా వెంటనే రాసి ఇస్తే వారికి ఎంతో మేలు జరుగుతుంది.

పిలుపు వచ్చాక వెతకడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే. బిడ్డ దరఖాస్తు పెట్టిన రోజునే, సాక్ష్యం చెప్పే పెద్దలు ఉండగానే ఈ పని ముగించుకోవాలి. నాంపల్లికి బస్సెక్కే ముందు పంచాయతీ మెట్లెక్కడం మేలు.