రాజీ కాగితము - పరిహారపు లెక్క

మార్కాపురము, పొదిలి నడుమనున్న కొనకనమిట్ల ప్రాంతమున వానను నమ్ముకొన్న సేద్యమే హెచ్చు. పంట చేతికందని యేట జనము కూలిపనులకై హైదరాబాదు దారి పట్టుట ఉపాధ్యాయు లెరుగని సంగతి కాదు. తరగతిలో ఖాళీలే చెప్పును. అట్లు వెళ్లినవా డొకడు లారీ క్రింద పడి మరణించినా డనుకొందము. దినవారములు ముగియక మునుపే యజమాని తరపున పెద్దమనుష్యులు వత్తురు. "పోయిన ప్రాణము తిరిగి రాదుగదా!" అని కొంత పైక మిప్పించి, కాగితముపై వ్రేలిముద్ర వేయింతురు. బీమా లేని బండియైనచో ఈ తొందరకు కారణము స్పష్టమే.

ఆ పైకమునకును, చట్టరీత్యా రావలసిన దానికిని గల అంతర మెంత? మృతునికి 35 ఏండ్లు; నెలసరి ఆర్జన 12,000 రూపాయలు; ఆధారపడినవారు భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. 2017లో ప్రణయ్ సేథీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పినట్లు, మున్ముందు పెరుగగల ఆర్జన క్రింద 40 శాతము చేర్చగా 16,800. సొంత ఖర్చులకు నాలుగవ వంతు తీసివేయగా 12,600, ఏడాదికి 1,51,200. ఈ వయస్సునకు 2009 నాటి సరళా వర్మ తీర్పు నిర్ణయించిన గుణకము 16. మొత్తము 24,19,200 రూపాయలు. అంత్యక్రియలు మున్నగువాని క్రింద ఇచ్చునది వేరు. పలకలకు పేరొందిన మార్కాపురపు సీమలో బాలుడు పలకమీద వేయదగిన లెక్కయే ఇది!

అయితే డ్రైవరు తప్పిదము రుజువు కావలెను. మృతుని తప్పు కొంత యున్నచో ఆ మేరకు తగ్గును. తప్పు రుజువు చేయకయే పొందదలచినవారికి, 2022 ఏప్రిలు 1 నుండి మరణమునకు 5 లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు మాత్రమే.

అసలు చిక్కు ఆ పండ్రెండువేల దగ్గర నున్నది. కూలివానికి జీతపు చీటి యేది? ఆధారము లేనిచో ట్రైబ్యునలు తానే ఒక మొత్తము నూహించును. అది సాధారణముగా తక్కువే. కావున మేస్త్రీ హాజరు పుస్తకము, బ్యాంకు పాసుపుస్తకము భద్రపరుపవలెను. మరణించినది గృహిణియైనచో ఆర్జన లేదనుట చెల్లదు. ఇంటిచాకిరికి వెల కట్టవలసినదేయని 2021లో సుప్రీంకోర్టు మరల చెప్పినది.

ప్రమాదము హైదరాబాదులో జరిగినను, కుటుంబము తన నివాసప్రాంతపు ట్రైబ్యునలులోనే దరఖాస్తు చేయవచ్చును. ఇది తెలియకయే పలువురు మానుకొందురు.

ఇక గడువు. 1994లో తొలగించిన కాలపరిమితిని 2019 సవరణ తిరిగి తెచ్చినది. 2022 నుండి ఆరు మాసములే. పుట్టెడు దుఃఖములోనున్న నిరక్షరాస్య కుటుంబమునకు ఇది అన్యాయమని మా అభిప్రాయము. ఆ నిబంధనపై విచారణ సాగుచుండగా, కాలాతీతమను కారణముచే దరఖాస్తులను కొట్టివేయరాదని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతరముగా ఆదేశించినది. తుది తీర్పును నమ్ముకొని జాగు చేయుట మాత్రము ప్రమాదమే.

2022 నియమముల ప్రకారము పోలీసులు 48 గంటలలో ట్రైబ్యునలునకు తొలి నివేదిక పంపవలెను. బాధితుల హక్కులు తెలుపు పత్రమును పది దినములలో కుటుంబమున కందజేయవలెను. మీ యూరిలో అట్టి కుటుంబ మున్నచో, ఆ పత్రము చేరినదో లేదో విచారింపుడు.