త్రీనాట్‌త్రీకి మర, బండికి పట్టా

మంజీర ఏడు పాయలుగా చీలి వనదుర్గా భవాని గుడిని చుట్టుకునే ఏడుపాయల దగ్గర, మహాశివరాత్రి జాతరలో బండ్లు తిరగడమే పెద్ద సంబరం. ఆ బండ్లలో కొయ్య చక్రాలవి ఇప్పుడు అరుదు. రబ్బరు టైర్లు వచ్చాయి, వాటి వెనకే ట్రాక్టర్లూ వచ్చాయి.

మరుగున పడుతున్న కొయ్యపని ఇంకొకటుంది. దశాబ్దాల పాటు దేశమంతటా పోలీసుల భుజాన వేలాడిన త్రీనాట్‌త్రీ తుపాకీది అది.

తూటా పేలగానే గుండు ముందుకు, ఇనుప భాగమంతా వెనక్కి పోతుంది. ఆ తాకిడిని కర్రలో చెక్కిన రెండు చిన్న గట్లు ఆపాలి. ఇనుము రెండింటికీ సమంగా ఆనుకుంటే కర్రకు ఏమీ కాదు. ఒక పక్క కాస్త వెలితి ఉన్నా, ఏళ్ల తరబడి నూనె ఇంకి కర్ర మెత్తబడ్డా, ప్రతి తూటాకూ ఇనుము కదిలి కొడుతుంది. చివరికి నార వెంబడి బీట పడుతుంది. ఆస్ట్రేలియాలోని లిత్‌గో ఫ్యాక్టరీ స్థానిక చెక్క వాడుతూ ఆ గట్ల దగ్గర రాగి పలకలు తాపింది. జర్మన్ మౌజర్‌లో కర్రకు అడ్డంగా ఉక్కు బోల్టు ఉంటుంది. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ కూడా ముందు కర్రలో అడ్డంగా ఒక మర (స్క్రూ) బిగించింది. చేసింది చిన్న పనే, పక్కలకు విచ్చుకోబోయే కర్రను అది పట్టి ఉంచేది. 1962 చైనా యుద్ధం తర్వాత అదే తుపాకీని ఎక్కువ పీడనమున్న 7.62 ఎం.ఎం. తూటాకు మార్చినప్పుడూ ఆ మరను వదల్లేదు.

గ్రెనేడ్లు విసిరే తుపాకులది మరీ మొండి బతుకు. ముప్పావు కిలో దాటిన బరువును గొట్టం కొసన ఉన్న గిన్నెలోంచి ఎగరేయాలి. భుజం ఆ దెబ్బకు ఆగదు కనుక తుపాకీ మడమను నేలకు ఆనించి కాల్చేవారు. ముందు కర్ర చుట్టూ తీగ బిగించి చుట్టేవారు. గొట్టం పగిలినా కాల్చేవాడి చేతికి అదే కాపు.

ఇదంతా మన ఊళ్లకు తెలియని విద్యేమీ కాదు. వడ్లాయన తుమ్మ కొయ్యతో చక్రం కూర్చితే, కమ్మరి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి దానికి ఎక్కించి నీళ్లు కుమ్మరిస్తాడు. చల్లారుతూ పట్టా ముడుచుకుని ఆకులనూ కీళ్లనూ బిగించేస్తుంది. కొయ్య ఎటు చీలుతుందో ముందే పసిగట్టి అక్కడ ఇనుముతో కట్టడమే రెండు చోట్లా ఉన్న తెలివి. ఇషాపూర్‌లో డ్రాయింగుల్లోకి ఎక్కిన ఈ తెలివి, ఊళ్లో మాత్రం చేతి నుంచి చేతికే వచ్చింది. చేతులు ఆగితే అదీ ఆగుతుంది.

2020 రిపబ్లిక్ డేతో ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీనాట్‌త్రీకి వీడ్కోలు చెప్పారు. పాతబడిన తుపాకులను నాశనం చేయడం భద్రత రీత్యా సరైనదే. కానీ కర్ర పేలదు కదా! ఇనుము తీసేసి మర ఉన్న కర్రలను మాత్రం కొన్నింటిని దాచడానికి అభ్యంతరమేముంది?

పోలీసు శాఖ, దేవాదాయ శాఖ కలిసి వచ్చే శివరాత్రికి ఏడుపాయలలో ఒక పందిరి వేయాలి. మెదక్ జిల్లాలో ఇంకా పట్టా ఎక్కించగల వడ్లవారిని, కమ్మరులను కూలి ఇచ్చి పిలవాలి. పక్కనే ఆ తుపాకీ కర్రలను పెట్టి, చేసే పనినంతా వీడియో తీయించాలి. జాతర ఖర్చుల్లో ఇదేమంత పెద్దది కాదు.