నమ్మకమైన క్యాసినో ఏదని అడిగేవాళ్లకు

కలమల్ల, ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పక్క ఉండే పెద్దలకు, పిల్లలకు ఒక లెక్కల అయ్యవారి విజ్ఞప్తి.

"సార్, ఈ ఆన్‌లైన్ క్యాసినో నమ్మకమైనదేనా, కొంచెం చదివి చెప్పండి" అని నా దగ్గర చదువుకున్న పిల్లోడే ఫోన్ పట్టుకొచ్చినాడు. వెయ్యి కడితే ఇంకో వెయ్యి బోనస్ అంట. షరతులు తెరిచి చూస్తే, బోనస్‌కు 35 రెట్లు ఆడితే గానీ డబ్బు బయటికి తీసుకునేదానికి లేదని ఉంది. వానికి శాతాలు నేర్పింది నేనే. ఇక నేను ఊరుకుంటే ఎట్లా?

లెక్క చూడండి. వెయ్యికి 35 రెట్లంటే 35,000 రూపాయలు పందెం కాయాల. రూలెట్ చక్రంలో గళ్లు 37, గెలిస్తే ఇచ్చేది మాత్రం 36 గళ్ల లెక్కన. అంటే కాసిన ప్రతి 37 రూపాయల్లో సగటున ఒక రూపాయి వాళ్ల పెట్టెలో పడుతుంది. 35,000ను 37తో భాగిస్తే 946. ఆ బోనస్ వెయ్యిలో మీకు మిగిలేది 54 రూపాయలు! అదీ చక్రం న్యాయంగా తిరిగితే. కొన్నిచోట్ల మీరు కట్టిన వెయ్యిని కూడా కలిపి 35 రెట్లంటారు, అప్పుడు బోనస్ మొత్తం పోయి మీ సొంత డబ్బు కూడా కరగడం మొదలవుతుంది. పైగా వారంలో ఆడెయ్యాలని గడువు, గెలిచినా ఇంతకు మించి ఇవ్వమని హద్దు, అనుమానమొస్తే ఖాతా మూసేస్తామని ఇంకో వాక్యం. ఆధార్, పాన్ అడిగేది కట్టేటప్పుడు కాదు, తీసుకునేటప్పుడు. తొలి తెలుగు శాసనం మా ఊరిదని కలమల్లోళ్లం ఛాతీ విరుచుకుంటాం, పది లైన్ల షరతులు చదవకుండానే 'ఒప్పుకుంటున్నా' అని నొక్కుతాం.

లైసెన్సు ఉంది కదా అంటారు. ఎక్కడిది? చాలావాటికి కరేబియన్ సముద్రంలోని కురసావ్ దీవిది. డబ్బు రాకపోతే ఎర్రగుంట్ల పోలీసు స్టేషన్ నుంచి ఆ దీవికి ఎవరు పోతారు?

మన దగ్గర చట్టం ఏ దాపరికమూ లేకుండా చెప్పింది. 2020లో ఆంధ్రప్రదేశ్ తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది, ఆడినవాళ్లకు కూడా ఆరు నెలల దాకా జైలు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది: ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టించి ఆడించేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా, ప్రచారం చేస్తే రెండేళ్లు, 50 లక్షలు. కాబట్టి నమ్మకమైనది ఏదని ఇంకా వెతకొద్దు. ఇక్కడ అట్లాంటిది లేదు.

మట్కా, క్రికెట్ పందాలు చూసిన ప్రాంతం మనది. అమ్మ గాజులు కుదువ పెట్టడం, వడ్డీకి వడ్డీ కట్టడం ఎవరికీ కొత్త కాదు. అయినా "మనకెందుకులే" అంటారు. మీకే! ఈ సైట్లవాళ్లు కమీషన్ ఇస్తామంటే బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు అప్పగించేది మన వీధి పిల్లోళ్లే. ఆ ఖాతాలో ఎవరిదో మోసపోయిన డబ్బు పడితే పోలీసులు వచ్చేది ఖాతాదారుని ఇంటికే.

పిల్లోళ్లకు ఒక్క మాట: గెలిచిన డబ్బు విడుదల చేయాలంటే ముందు ట్యాక్స్ కట్టమని అడిగితే, రూపాయి కూడా కట్టొద్దు. మోసపోయినామని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లావాదేవీ నంబర్లు తుడపొద్దు. మానలేకపోతుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు, 14416కు చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

పెద్దలకు: "మావాడు అట్లాంటోడు కాదు" అనే ముందు వాన్ని పక్కన కూర్చోబెట్టుకుని వాని బ్యాంకు స్టేట్‌మెంటు చూడండి. అర్ధరాత్రి దాటినాక 200, 500, మళ్లీ 500, 1,000 అని రోజుకొక ముక్కూమొహం తెలియని పేరుకు పోయి ఉంటే, తిట్టకుండా, కొట్టకుండా, ఎంత అప్పు ఉందో ముందు అడగండి.