పిల్లికి ఫిట్స్... ఆపరేషన్ ఎప్పుడు?

అరుగు మీద పడుకున్న పిల్లి ఉన్నట్టుండి ఓ పక్కకు ఒరిగిపోతుంది. కాళ్లు కొట్టుకుంటాయి. నోటి వెంట చొంగ కారుతుంది. రెండు నిమిషాల తర్వాత లేచి, తూలుతూ నడుస్తుంది. 'గాలి సోకింది', 'ఇక బతకదు' అంటూ ఇంట్లో తలో మాటా అనేస్తారు. అది మూర్ఛ. మనుషులకు వచ్చేలాంటిదే. కారణం తెలిస్తే చాలాసార్లు వైద్యమూ ఉంటుంది.

పెదవేగి చుట్టుపక్కల పామాయిల్ తోటల్లో పిల్లిని పెంచేది ముద్దు కోసమే కాదు, ఎలుకల కోసం కూడా. కాబట్టి మొదట అనుమానించాల్సింది విషాన్నే. ఎలుకలకు పెట్టే జింక్ ఫాస్ఫైడ్, చేలో కొట్టే పురుగుమందు, కుక్కల గోమార్లకు రాసే పెర్మెత్రిన్... వీటిలో ఏది ఒంట్లోకి వెళ్లినా పిల్లికి ఫిట్స్ రావచ్చు. అప్పుడు కావాల్సింది ఆపరేషన్ కాదు, ఆలస్యం లేని వైద్యం.

విషం కాదని తేలితే వయసు చూడాలి. ముసలి పిల్లికి కొత్తగా ఫిట్స్ మొదలయ్యాయంటే మెదడులో గడ్డ ఉండొచ్చు. పిల్లుల్లో ఎక్కువగా కనిపించేది మెనింజియోమా. ఇది మెదడు పొరల్లో పుట్టి నెమ్మదిగా పెరుగుతూ, మెదడును బయటి నుంచి నొక్కుతుంది. అందుకే ఆపరేషన్‌తో తీసేయడానికి వీలుంటుంది. మత్తు, రక్తస్రావం వంటి ప్రమాదాలున్నా, ఆ తర్వాత ఏళ్లపాటు హాయిగా బతికిన పిల్లులున్నాయి. అదే కూనకు ఫిట్స్ వస్తే కాలేయాన్ని పరీక్షించాలి. అక్కడికి చేరాల్సిన రక్తం పుట్టుకతోనే పక్కదారి పడితే, మలినాలు మెదడుకు చేరి ఫిట్స్ తెప్పిస్తాయి. ఆ రక్తనాళాన్ని మూసే ఆపరేషన్ ఉంది.

ఇవేవీ కాకపోతే మాత్రలే దిక్కు. సాధారణంగా ఫినోబార్బిటోన్ ఇస్తారు. తగ్గింది కదా అని హఠాత్తుగా ఆపితే ఫిట్స్ మళ్లీ తిరగబెడతాయి. మాత్రలకూ లొంగకపోతే ఫిట్స్ పుట్టే మెదడు భాగాన్నే తొలగించడం మరో మార్గం. మనుషులకు మూర్ఛ ఆపరేషన్‌ను మన దేశంలో 1952లోనే వేలూరు సీఎంసీలో డాక్టర్ జాకబ్ చాందీ చేశారు. పిల్లులకు మాత్రం అది ఇంకా పరిశోధనల దశ దాటలేదు. జపాన్‌లోని నిప్పన్ పశువైద్య విశ్వవిద్యాలయం ఆ దిశగా కృషి చేస్తోంది.

ఫిట్స్ వచ్చినప్పుడు తాళాలగుత్తి పెట్టకండి. నోట్లో వేలు పెట్టకండి, నీళ్లు పోయకండి. చుట్టూ ఉన్న వస్తువులు తీసేసి, సెల్‌ఫోన్లో వీడియో తీయండి. అయిదు నిమిషాలు దాటినా, ఒకేరోజు మళ్లీ మళ్లీ వచ్చినా వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏలూరు దాటి విజయవాడ దారిలో వెళ్తే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. మాత్రా, ఆపరేషనా అన్నది తేల్చడంలో డాక్టరుకు మొదట అక్కరకొచ్చేది మీరు తీసిన ఆ వీడియోనే!