లక్ష్మణఫలం పొడి

మా చిన్నమ్మ ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక స్టీలు డబ్బా ఉండేది. అందులో ఆకుపచ్చ పొడి, ఒక ప్లాస్టిక్ చెంచా. పరగడుపున ఒక చెంచా, మాపటికి ఇంకో చెంచా. లక్ష్మణఫలం ఆకుల పొడి. పాకెట్టు మీద ఏదో ఫౌండేషన్ పేరు, సెల్ నంబరు, ‘క్యాన్సర్ 100 శాతం నయం, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు’ అన్న రాత. రొమ్ములో శనగగింజంత గడ్డ చేతికి తగిలిన వారానికే మొదలుపెట్టింది. ఆస్పత్రికి పోదామంటే, “సూది పెట్టి ముక్క తీస్తే ఒళ్లంతా పాకుద్దంట గదరా” అంది. ఎనిమిది నెలలకి అది నిమ్మకాయంత అయింది.

మాది దుమ్ముగూడెం మండలం. సీతారామలక్ష్మణులు కాపురమున్నారని చెప్పుకునే పర్ణశాల మాదే. సీతాఫలం మా గుట్టల మీద కాస్తుంది. లక్ష్మణఫలం అమెరికా ఖండపు వేడి ప్రాంతాల చెట్టు. లక్ష్మణుడి పేరు పెట్టేసరికి మనదైపోయింది. దాని రసం ప్రయోగశాలలో గాజు పళ్లెంలోని క్యాన్సర్ కణాలను చంపుతుంది, నిజమే. ఆ మాటకొస్తే బ్లీచింగ్ పౌడరూ చంపుతుంది. మనిషి ఒంట్లో క్యాన్సర్ తగ్గించిందన్న రుజువు మాత్రం ఎక్కడా లేదు. పైగా కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో ఆ పండూ, ఆకుల కషాయమూ బాగా వాడినవాళ్లలో పార్కిన్సన్స్‌ను పోలిన నరాల జబ్బు ఎక్కువగా కనబడిందని 1999లోనే లాన్సెట్ పత్రికలో వచ్చింది.

అడవి పేరుకు గిరాకీ ఉంది. పట్నాల్లో రోడ్డు పక్క గుడారాలకు ‘కోయదొర వైద్యం, భద్రాచలం అడవి మూలికలు’ అన్న బోర్డులు మీరూ చూసే ఉంటారు. మా ఊళ్లలో పసరు మందిచ్చే పెద్దాయనకు బోర్డుండదు. బెణికినా, తేలు కుట్టినా మందిస్తాడు, కోడినో నాలుగు సేర్ల వడ్లనో పుచ్చుకుంటాడు. రాచపుండని అనుమానమొస్తే “ఇది నా వల్ల గాదు, భద్రాచలం తీస్కపోండి” అనడం నా చెవులతో విన్నాను. ఆయన మీద నాకు కోపం లేదు. రసీదు పుస్తకాలు అచ్చేయించి, ఫంక్షన్ హాల్లో శిబిరం పెట్టి మైకు పట్టుకునే ట్రస్టులూ ఫౌండేషన్ల మీదే కోపం. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటించడమే నేరమని 1954లోనే చట్టం చేశారు. అదేదో పక్క దేశపు చట్టమైనట్టు వీళ్లు ఫ్లెక్సీలు కట్టుకుంటారు.

ఆ శిబిరాల్లో బాగైనవాళ్లే వేదిక ఎక్కుతారు. పోయినవాళ్లు ఎక్కలేరు గదా! ఎక్కినవాళ్లలో ఆపరేషనయ్యాక పొడి తిన్నదెవరని అడిగే నాథుడుండడు. 2024 నవంబరులో మాజీ క్రికెటర్ నవజోత్ సింగ్ సిద్ధూ తన భార్య నాలుగో దశ క్యాన్సర్‌ను పసుపు, వేపాకు, నిమ్మనీళ్ల పథ్యంతో గెలిచిందన్నారు. ఆవిడకు ఆపరేషనూ అయింది, కీమో కూడా ఎక్కించారు. ఆ మాటలు నమ్మి వైద్యం మానొద్దని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రికి చెందిన 262 మంది పాత, కొత్త డాక్టర్లు సంతకాలు పెట్టి చెప్పాల్సొచ్చింది. అమెరికాలో యేల్ పరిశోధకులు 2018లో ఒక లెక్క తీశారు. ఇంకా పాకని రొమ్ము క్యాన్సర్‌కు అసలు చికిత్స వద్దని ఇలాంటి వైద్యాలే పట్టుకున్నవాళ్లకు చావు ముప్పు ఐదు రెట్లకు పైనే.

ఇక్కడ యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తాడు. భీమవరంలో పుట్టి, మద్రాసులో ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పినవాడు. చెట్ల మందును చిన్నచూపు చూసే మనిషి కాదు. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకిచ్చాడు. 16 మందిలో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. అంతవరకూ ఎవరి చేతా కాని పని. 1948లో అచ్చయిన ఆ వ్యాసం పేరులో మొట్టమొదటి మాట ‘తాత్కాలిక’. ఫార్బర్ తాత్కాలికమన్నాడు, మా చిన్నమ్మ డబ్బాలోని పొడి 100 శాతం అంది.

చిన్నమ్మ తెలివితక్కువది కాదు. భద్రాచలం దాకా ఒక బస్సు, అక్కణ్నుంచి హైదరాబాదుకు 300 కిలోమీటర్లకు పైనే రాత్రి బస్సు, తెల్లారి ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి ఆటో. ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు చూసుకుంటుంది, తోడొచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలిని చూసుకోదు. ఫౌండేషన్ మనిషేమో ఎప్పుడు చేసినా ఫోనెత్తి “అమ్మా, అన్నం తిన్నావా” అంటాడు.

చివరికి రొమ్ము తీసేశారు. రేడియేషన్ కరెంటు కూడా పెట్టించుకుంది. ఎడమ చెయ్యి ఇప్పటికీ భుజం దాటి లేవదు. డబ్బాలో మెంతులు పోసింది. మొన్న ఆ నంబరు నుంచే ఫోనొచ్చింది. ఆపరేషనయిందని, ఇప్పుడు బాగానే ఉన్నానని చెప్పింది. “చూశావా అమ్మా, మన పొడి పనిచేసింది. నెలాఖర్న ఖమ్మంలో శిబిరముంది, వచ్చి రెండు మాటలు చెప్పాలి” అన్నాడట. రానూపోనూ చార్జీలు వాళ్లే పెట్టుకుంటారట.