బూడిద అమ్ముకున్న వారసులు

"మన చరిత్ర వేల ఏళ్లది" అని గొంతు చించుకునే పెద్దమనుషుల్ని ఒక్కటే అడుగుతున్నాను: జ్వాలాపురం ఎక్కడుందో చెప్పండి.

తెలియదు కదూ! నంద్యాల జిల్లాలో, జుర్రేరు లోయలో ఉంది. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం బద్దలైతే, ఆ బూడిద బంగాళాఖాతం దాటి వచ్చి ఇక్కడ పడింది. వాననీళ్లు మరింత కొట్టుకొచ్చి చేర్చడంతో కొన్నిచోట్ల రెండు మీటర్లకు మించి మేట వేసింది. పురావస్తు శాస్త్రవేత్తలు రవి కొరిసెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం అక్కడ తవ్వితే బూడిద పొర కిందా రాతి పనిముట్లే, పైనా రాతి పనిముట్లే. 2007లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. రెండింటి పనితనంలో పెద్ద తేడా లేదు. ఆకాశం నుంచి బూడిద కురిసినా ఆ చెయ్యి ఆగలేదు! వాళ్లు మనలాంటి మనుషులేనా, అంతకు ముందటి జాతివాళ్లా? ఎముకలు దొరకలేదు కనుక పండితులు ఇంకా కొట్లాడుకుంటున్నారు. ఆ కొట్లాట తేలాలంటే ముందు ఆ నేల మిగలాలి.

మనమేం చేశాం? ఆ బూడిదను తవ్వి గిన్నెలు తోమే పొడికి అమ్ముకున్నాం.

పొట్టకూటికి తవ్విన కూలిని నేనొక్క మాట అనను. నా కోపమంతా చదువుకుని నోరు మూసుకున్నవాడి మీద.

"రాళ్లేగా" అంటారా? ఆ రాతి పెచ్చు ఒకటి చేతిలోకి తీసుకోండి. సుత్తిరాయి దెబ్బ తగిలిన చోటు కిందే చిన్న ఉబ్బు, అక్కణ్ణుంచి అలల్లా సాగిన గీతలు, చివర వేలు తెగేంత పదును. ఎక్కడ కొట్టాలో, ఎంత ఒడుపుగా కొట్టాలో ముందే తెలిసిన బుర్ర చేసిన పని అది. ఆ బుర్రకు నేర్పిన తల్లో తండ్రో ఉండే ఉంటారు. వాళ్లు మీకేమీ కారా?

కారు. ఎందుకంటే వాళ్లకు కులం లేదు, గోత్రం లేదు, కిరీటం లేదు. పక్కవాడి మీద మీసం తిప్పడానికి అక్కరకు రారు. తమిళనాడులోని అత్తిరంపాక్కంలో పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం లెక్క తేల్చిన చేతిగొడ్డళ్లు దాదాపు 15 లక్షల ఏళ్లనాటివి. అప్పటికి మన జాతే పుట్టలేదు! ఎవడి వంశవృక్షంలో ఇరికిస్తారు ఆ గొడ్డళ్లు చెక్కినవాళ్లను? మీకు కావాల్సింది చరిత్ర కాదు, పొగడ్త. పొగడని పూర్వీకుణ్ణి బస్తాల్లోకి ఎత్తేస్తారు.

ఈ మాటకు శత్రువులు పెరిగితే పెరగనివ్వండి.

మీరు మాత్రం కలెక్టరుకు ఉత్తరం రాయండి, మిగిలిన పొరలకు కంచె వేసి కాపలా పెట్టమని. డబ్బు లేదంటే, విగ్రహాలకు ఎక్కణ్ణుంచి వస్తోందో లెక్క చెప్పమనండి.