చిలకలో ప్రాణం, గలివర్ భోజనం

బాలనాగమ్మ కథ మీరు వినే వుంటారు. మాయల మరాఠీ ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో వుంటుంది. చిలకలో ప్రాణమేమిటని మనం అడగం. కాని చిలక మెడ విరిచాక కూడా మరాఠీ లేచి నవ్వాడనుకోండి. "ఇదేం కథ?" అని ఒకటో తరగతి పిల్లవాడు కూడా పోట్లాటకు వస్తాడు.

అద్భుత కథలు చదివితే శాస్త్రీయ దృష్టి పాడవుతుందని కొందరు పెద్దలంటారు. నేనొప్పుకోను. లేని లోకాన్ని ఊహించి, దానికి పెట్టిన నియమాన్ని చివరిదాకా తప్పకుండా నడపడం సైన్సు చదివేవారికి కావలసిన సాధనే.

జొనాథన్ స్విఫ్ట్ 1726లో 'గలివర్ యాత్రలు' ప్రచురించాడు. అందులో లిల్లిపుట్ ప్రజల ఎత్తు ఆరంగుళాల లోపే. మన అడుగు వాళ్ళకు అంగుళం. ఆయన పెట్టుకున్న నియమం ఇదొక్కటే. ఇక అక్కడి గుర్రాలు నాలుగైదు అంగుళాలు, గొర్రెలు అంగుళంన్నర, ఎంత పెద్ద చెట్టయినా ఏడడుగులు. గలివర్ జేబు గడియారాన్ని ఇద్దరు పొడుగాటి భటులు కర్రకు తగిలించి భుజాల మీద మోశారు. మరి గలివర్‌కు రోజూ ఎంత తిండి పెట్టాలి? రాజుగారి గణితజ్ఞులు లెక్క కట్టారు. పొడవులో 12 రెట్లు, వెడల్పులో 12, మందంలో 12. అంటే 1728 మంది భోజనం! (కొన్ని ముద్రణల్లో 1724 అని పడింది. ఎవరి పొరపాటో గాని, మీరు గుణించి చూసుకోండి.)

ప్రకృతి లెక్క మాత్రం వేరు. 1932లో మాక్స్ క్లైబర్ అనే శాస్త్రజ్ఞుడు రకరకాల జంతువులు ఖర్చుచేసే శక్తిని పోల్చి చూశాడు. బరువు 16 రెట్లు పెరిగితే శక్తి అవసరం సుమారు 8 రెట్లే పెరుగుతుంది. ఆ లెక్కన గలివర్‌కు 270 మంది తిండి చాలు. గడియారం సంగతీ అంతే. కండరం బలం దాని మందాన్ని, అంటే అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి వుంటుంది. ఆరంగుళాల మనిషి బలం మనలో 144వ వంతుకు తగ్గితే, బరువు 1728వ వంతుకు తగ్గుతుంది. తన బరువుతో పోలిస్తే అతను మనకంటే 12 రెట్లు బలశాలి! చీమ తనకన్నా పెద్ద గింజను ఈడ్చుకుపోవడం చూడలేదూ? గడియారానికి ఒక్క భటుడు సరిపోయేవాడు.

మరి స్విఫ్ట్ తప్పు రాశాడా? నా దృష్టిలో లేదు. ఆయన లోకంలో అన్నీ ఒకే కొలతతో తగ్గుతాయి. తిండిలోనూ బరువులోనూ అదే పాటించాడు. ఒకచోట భటుడు బండరాయి ఎత్తేసి, మరోచోట గడియారం మోయలేకపోతే, అప్పుడది తప్పు.

అవసరానికి నియమం మార్చే అలవాటు కథల్లోనే వుంటే ఫరవాలేదు. గాలిలోంచి బూడిద తీస్తామనేవారూ, మంత్రించిన నీళ్ళతో రోగాలు కుదురుస్తామనేవారూ బయట వున్నారు. పరీక్ష చేస్తామంటే "నమ్మకం లేనివాళ్ళ ముందు పనిచెయ్యదు" అంటారు. ఆ షరతు మొదట చెప్పలేదే! చిలక కథలో పోట్లాడిన పిల్లవాడు ఇక్కడా పోట్లాడాలని నా కోరిక.

మీరూ ఆరంగుళాల మనిషి మీద కథ రాస్తున్నారా? ముందు అతని గ్లాసు కొలవండి. మన నాలుగంగుళాల గ్లాసు అతనికి అంగుళంలో మూడోవంతు. చిల్లు లేని సన్నటి పెన్ను మూతలో నీళ్ళు నింపి, మెల్లగా బోర్లించి చూడండి. తలతన్యత వల్ల చాలాసార్లు నీళ్ళు కారవు. మరి మీ కథానాయకుడు నీళ్ళెలా తాగుతాడు?